డెషూట్స్‌లో మూడు రోజులు, ఒక్క ట్రౌట్ పడలేదు. తప్పెక్కడ?

కొత్తగాలం
మే చివర మెమోరియల్ డే సెలవులు మూడు రోజులూ ఒరెగాన్‌లో డెషూట్స్ నది గట్టు మీదే పడి ఉన్నాను. ఒక్కటంటే ఒక్క ట్రౌట్ చేప పడలేదు. కడుపు మండి రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

వార్మ్ స్ప్రింగ్స్ వంతెన దగ్గర మట్టిరోడ్డు దిగి మెక్కా ఫ్లాట్‌లో టెంట్ వేశాను. అక్కణ్ణుంచి ట్రౌట్ క్రీక్ వైపు వెళ్లే కాలిబాటలో రోజూ మూడు నాలుగు మైళ్లు నడిచాను. ఎక్కడ చూసినా సాల్మన్‌ఫ్లైలే. గడ్డి దుబ్బు కదిపితే పది రాలుతున్నాయి. చిటికెనవేలంత పురుగు, నారింజ రంగు పొట్ట, ఒకటి కాలర్లోంచి వీపు మీదికి దిగితే చొక్కా విప్పి దులుపుకున్నా. నా డబ్బాలో అచ్చం అలాంటి ఫ్లైలే (కొక్కేనికి పురుగులా కట్టిన ఉత్తుత్తి ఎరలు) డజను ఉన్నాయి. నడుంలోతు దాకా దిగి, నది మధ్యలోకి నలభై యాభై అడుగులు విసిరా. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా అదే పని. భుజం పోయింది.

దిగువన ఒక పెద్దాయన నీళ్లలోకి దిగనే లేదు. మోకాళ్ల మీద కూర్చుని పొదల్లో ఏదో పారేసుకున్నవాడిలా ఉన్నాడు. గంటలో నాలుగు పట్టి వదిలేశాడు. వెళ్లి అడుగుదామంటే మొహమాటం.

రెండో రోజు జారి పడ్డాను కూడా. వేడర్స్‌లోకి (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంటు) నీళ్లొచ్చాయి, ఓ ముప్పై గజాలు కొట్టుకుపోయి తేలాను. అదో కథ.

చేపలకి తిని తిని మొహం మొత్తిందా? నా ఫ్లై తప్పా? ఈసారి రాఫ్ట్ అద్దెకు తీసుకుని నది మధ్యలోంచి విసిరితే పడతాయా?

బసాల్ట్_బావ
పొదల్లో వెతుక్కుంటున్నవాడికి చేపలు దొరికాయి, నదంతా వెతికినవాడికి భుజం నొప్పి దొరికింది.

గట్టుమీద_గోపి
రాఫ్ట్ మాట ముందు తీసెయ్యి. కింది డెషూట్స్‌లో, అంటే ఆనకట్ట దిగువ నుంచి కొలంబియా నదిలో కలిసేదాకా ఉన్న వంద మైళ్లలో, తేలే వస్తువు దేని మీద నుంచైనా సరే గాలం వెయ్యకూడదు. రాఫ్ట్, డ్రిఫ్ట్ బోట్, ట్యూబ్, ఏదైనా అంతే. పడవ ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడానికే. ఆపి, దిగి, కాళ్లు నేల మీద పెట్టి వెయ్యాలి. పడవకి బోటర్ పాస్ కూడా ఉండాలి. సెలవు రోజుల పాసులు ముందే అయిపోతాయి.

కొత్తగాలం
పడవలో వెళ్లి దిగి పట్టడమా? మరి పడవ దేనికి?

గట్టుమీద_గోపి
నువ్వు నడిచి వెళ్లలేని గట్టుకి వెళ్లడానికి. నది నడుమ ఎవరూ వెయ్యలేరు కాబట్టి అక్కడున్న చేపకి ప్రశాంతం. ఇన్నేళ్లుగా ఇంతమంది వస్తున్నా చేప మిగిలిందంటే అందులో ఈ రూలు పాత్ర కూడా ఉందని నా నమ్మకం.

రెడ్‌సైడ్_రమ
కొత్తగాలం గారూ, చేపలు ఎక్కడున్నాయో చెప్పనా? మీరు నీళ్లలోకి దిగేటప్పుడు మొదటి రెండు అడుగులు ఎక్కడ వేశారో అక్కడ. వాటిని తరిమేసి, అవి లేని చోటికి పది గంటలు విసిరారు.

సాల్మన్‌ఫ్లై నది మధ్యలో పైకి తేలి రెక్కలు విప్పే పురుగు కాదు. పిల్లగా మూడు నాలుగేళ్లు రాళ్ల కింద బతుకుతుంది. టైమ్ వచ్చాక అడుగున పాకుతూ గట్టుకి వస్తుంది, గడ్డో చెట్టో ఎక్కుతుంది, వీపు పగిలి బయటికొస్తుంది. ఈసారి వెళ్తే గడ్డిపరకల మీద గోధుమరంగు ఖాళీ తొడుగులు చూడండి. వీపు మీది చీలికలోంచి తెల్లటి దారపు పోగుల్లాంటివి వేలాడుతుంటాయి. అవి ఊపిరి గొట్టాల లోపలి పొరలు. అలాంటి తొడుగులు ఎక్కడ గుంపుగా ఉంటే దాని ఎదురుగా నీళ్లలో చేప కాచుకుని ఉన్నట్టే.

తర్వాత ఈ పురుగులు గట్టున ఉండే ఆల్డర్ చెట్ల కొమ్మల మీద జతకడతాయి. సరిగ్గా ఎగరడం కూడా రాదు వాటికి. మధ్యాహ్నం కనుమలో గాలి లేస్తుంది కదా, పట్టు తప్పి టపటపా నీళ్లలో పడతాయి. ఎక్కడ పడతాయి? చెట్టు కింద. గట్టుకి అడుగున్నర, రెండడుగుల దూరంలో. రెడ్‌సైడ్ ట్రౌట్‌లు మోకాలి లోతు కూడా లేని నీళ్లలో, కొమ్మ నీడలో నోరు తెరుచుకుని ఉంటాయి. ఆ పెద్దాయన మోకాళ్ల మీద కూర్చున్నది అందుకే. నిలబడితే చేపకి ఆయన కనిపిస్తాడు.

కొత్తగాలం
అమ్మో. అంటే నేను వాటిని తొక్కుకుంటూ వెళ్లాను.

బసాల్ట్_బావ
తొక్కుకుంటూ వెళ్లి, వెనక్కి తిరక్కుండా పది గంటలు వాటికి వీపు చూపించావు.

మద్రాసు_మూర్తి
రమ గారు చెప్పింది నిజమే కానీ పూర్తి నిజం కాదు. నేనుండేది మద్రాసులో (ఒరెగాన్ మద్రాసు, ఇక్కడివాళ్లు మ్యాడ్రస్ అంటారు), నదికి పావుగంట దూరం. సీజన్లో దాదాపు రోజూ చూస్తా. పురుగు బాగా పట్టిన వారం తర్వాత చేప నిజంగానే నిండిపోతుంది. కడుపు నొక్కితే గట్టిగా తగులుతుంది. అప్పుడు నువ్వు ముక్కు ముందు పెట్టినా పక్కకి తప్పుకుంటుంది. మెమోరియల్ డే నాటికి ఆ పైభాగంలో పది రోజులుగా తింటున్నాయి. పైగా సెలవులు, ప్రతి చెట్టు కిందా మనిషి. కాబట్టి మొహం మొత్తిందా అన్న ప్రశ్న పిచ్చి ప్రశ్నేం కాదు.

తూనీగ_88
మద్రాసులో ఉంటూ రోజూ ట్రౌట్ పడతారా సార్?

మద్రాసు_మూర్తి
ఈ జోకు పదకొండేళ్లుగా వింటున్నా. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇంటికి ఫోన్ చేసి మద్రాసులో ఇల్లు తీసుకున్నానంటే మా అమ్మ "తిరిగొచ్చేశావా నాయనా" అని ఏడ్చేసింది. అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది.

రెడ్‌సైడ్_రమ
మూర్తి గారూ, నిండిన మాట ఒప్పుకుంటా. కానీ ఆ పెద్దాయనకి గంటలో నాలుగు పడ్డాయిగా? అదే రోజు, అదే నీళ్లు. ఆయన చేపలకి ఆకలి వేసి ఈయన చేపలకి వెయ్యలేదా?

మద్రాసు_మూర్తి
ఆయన సాల్మన్‌ఫ్లై వేస్తున్నాడని మీకెవరు చెప్పారు? నేనైతే ఆ సమయానికి గోల్డెన్ స్టోన్‌కి మారిపోతా. రెండో పురుగు అది, కాస్త చిన్నది, తేనె రంగు. పెద్దది తగ్గుతుండగా అది ఎక్కువవుతుంది. పెద్ద నారింజ ఫ్లైలతో రెండు వారాలు మోసపోయిన చేప దాన్ని చూసి జంకుతుంది, గోల్డెన్‌ని మాత్రం ఆలోచించకుండా మింగేస్తుంది.

కొత్తగాలం
నిజమే, ఆయన ఫ్లై నాదానికంటే చిన్నగా, పసుపుగా ఉన్నట్టు గుర్తు. దూరం నుంచి చూశాలెండి.

మద్రాసు_మూర్తి
చూశారా.

రెడ్‌సైడ్_రమ
సరే, ఈ ఒక్కదానికి మార్కులు మీకే. చోటు మాత్రం నాదే.

ఆల్డర్_నీడ
అందరూ ఫ్లై రంగు గురించి మాట్లాడుతున్నారు. ఈయన జారిపడి ముప్పై గజాలు కొట్టుకుపోయానని "అదో కథ" అని ఒక్క ముక్కలో రాసేశాడు. ఎవరికీ పట్టలేదా?

కొత్తగాలం, చేతికర్ర ఉందా? నడుముకి బెల్టు బిగించావా? బూటుకి మేకులున్నాయా? ఒక్కడివే వెళ్లావా?

కొత్తగాలం
కర్ర లేదు. బెల్టు ఉంది కానీ వదులుగా. మేకుల్లేని రబ్బరు బూట్లు. ఒక్కణ్ణే.

ఆల్డర్_నీడ
నాలుగింటికి నాలుగూ. ఇరవై రెండేళ్లుగా ఆ నదిలో దిగుతున్నా. నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరిని దిగువ నుంచి తాళ్లేసి లాగారు. ఒకాయన బతికాడు.

అది వాగు కాదు. వేసవి మొదట్లో సెకనుకి నాలుగు వేల ఘనపుటడుగుల పైన పారుతుంది. నేల ఊటల నీళ్లు ఎక్కువ కాబట్టి ఏడాది పొడవునా పెద్దగా తగ్గదు, అందుకే పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. అడుగున బంతుల్లాంటి బసాల్ట్ రాళ్లు, వాటి మీద పాచి. సబ్బు రాసిన బౌలింగ్ బంతుల మీద నడిచినట్టే. నడుంలోతుకి దిగావంటే ఒళ్లు తేలికై కాలికి పట్టు పోతుంది. మోకాలు దాటి దిగాల్సిన పనే లేదు ఆ నదిలో. రమ చెప్పింది విన్నావుగా, చేపలు గట్టు కిందే ఉన్నాయి. ఇంక లోపలికెందుకు?

వేడర్స్_వెంకట్
వేడర్స్‌లో నీళ్లు నిండితే రాయిలా మునిగిపోతాం కదన్నా. నేనైతే ఆ భయంతో బెల్టు రెండు వేసుకుంటా.

ఆల్డర్_నీడ
మునగవు. నీళ్లలో నీళ్లకి బరువేంటి? లోపలా నీళ్లే, బయటా నీళ్లే. నువ్వు గట్టెక్కబోయినప్పుడు మాత్రం రెండు కాళ్లకి రెండు బిందెలు కట్టినట్టుంటుంది, లేవలేవు. బెల్టు బిగిస్తే లోపలికి వచ్చే నీళ్లు తగ్గుతాయి, కాస్త గాలి మిగిలి తేలుతావు. ఒకటి చాలు, బిగుతుగా ఉండాలి.

పడితే చెయ్యాల్సింది: రాడ్ వదిలెయ్యి. వెల్లకిలా తిరుగు, పాదాలు దిగువకి చాచు. చేతులతో ఈదుతూ గట్టు వైపు ఏటవాలుగా జరుగు. ఉరవడిలో లేచి నిలబడడానికి మాత్రం ప్రయత్నించకు. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నీళ్లు నిన్ను ముందుకి తోసి ముఖం ముంచేస్తాయి. మోకాలి లోతులో కూడా మనుషులు పోయేది అలాగే.

కొత్తగాలం
నేను మూడుసార్లు నిలబడడానికే ప్రయత్నించా. రాడ్ వదల్లేదు.

బసాల్ట్_బావ
ఏం రాడ్ అది?

కొత్తగాలం
కొత్తది. తొమ్మిది అడుగులు, ఐదో నంబరు. ఇంట్లో ధర చెప్పలేదు.

బసాల్ట్_బావ
అర్థమైంది. నేనూ వదిలేవాణ్ణి కాదు.

ఆల్డర్_నీడ
ఇది నవ్వులాట కాదు బావా.

బసాల్ట్_బావ
సరే గురువుగారూ. అన్నట్టు మేకుల బూట్లు కొన్నది మీ మాట వినే. ఆ విషయం ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

తూనీగ_88
మెక్కా దగ్గర పట్టాలంటే వార్మ్ స్ప్రింగ్స్ ఆదివాసీ తెగల పర్మిట్ కావాలి కదా? కొత్తగాలం తీసుకున్నారా? లేకపోతే ఇక్కడ పబ్లిక్‌గా రాయడం మంచిది కాదేమో.

గట్టుమీద_గోపి
అక్కర్లేదు. మెక్కా తూర్పు గట్టు, ఒరెగాన్ లైసెన్స్ చాలు. ఆ తెగల సొంత భూమి, అంటే రిజర్వేషన్, పడమటి గట్టున. అటువైపు దిగి పట్టాలంటే తెగల పర్మిట్ తీసుకోవాలి, అదీ ఆ గట్టంతా కాదు, బయటివాళ్లకి తెరిచిన ముక్క చిన్నది. పడవలో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం నీడ బాగుందని అటు ఆపేస్తుంటారు. అలా ఆపకండి. అది వాళ్ల ఊరు, మన పార్కు కాదు.

రెడ్‌సైడ్_రమ
దిగువన షెరర్స్ జలపాతం దగ్గర చెక్క మంచెల మీద నిలబడి పొడవాటి కర్ర వలలతో సాల్మన్ పడతారు చూడండి వాళ్లు. అమెరికా ప్రభుత్వంతో 1855 ఒప్పందంలో భూమి వదులుకున్నా చేపల హక్కు వదులుకోలేదు. మొదటిసారి చూసినప్పుడు అరగంట అలాగే నిలబడిపోయా. నడుముకి ఒక తాడు, కింద తెల్లగా మరుగుతున్న నీళ్లు, చేతిలో మనిషికి రెండింతలు పొడవు కర్ర. మన నాలుగున్నర ఔన్సుల రాడ్ చూసుకుంటే సిగ్గేసింది.

వేడర్స్_వెంకట్
ఒక చిన్న డౌట్. ఇక్కడ రెడ్‌సైడ్ అంటున్నారు, వేరే చోట్ల రెడ్‌బ్యాండ్ అంటున్నారు, రెయిన్‌బో అంటున్నారు. మూడు చేపలా?

గట్టుమీద_గోపి
ఒకటే. రెయిన్‌బోలో కొలంబియా బేసిన్ లోతట్టు రకం రెడ్‌బ్యాండ్. ఎండకి, వేడికి మిగతావాటికంటే కాస్త ఓర్చుకుంటుంది. ఇక్కడివాళ్ల ముద్దుపేరు రెడ్‌సైడ్. పక్కన కుంకుమ గీత గీసినట్టు ఎర్ర పట్టీ ఉంటుంది. స్టీల్‌హెడ్ కూడా ఇదే జాతి, సముద్రానికి వెళ్లి వస్తుంది. 1978 తర్వాత కింది నదిలో హేచరీలో పెంచిన ట్రౌట్ వదలడం మానేశారు. ఇప్పుడు నీ గాలానికి తగిలే ట్రౌట్ ఆ నదిలో పుట్టి పెరిగినదే. అందుకే పన్నెండంగుళాలది కూడా పద్దెనిమిది అంగుళాల దానిలా లాగుతుంది.

నిద్రలేని_నది
ఎవరూ అసలు సంగతి మాట్లాడట్లేదు. పైన ఆనకట్ట దగ్గర ఆ టవర్ వచ్చాక నదే మారిపోయింది. ముందు సాల్మన్‌ఫ్లై జూన్ దాకా ఉండేది. ఇప్పుడు మెమోరియల్ డేకే ముగింపు. రాళ్ల మీద పాచి చూశారా? ఆయన జారింది దాని మీదే.

కొత్తగాలం
ఏ టవర్?

నిద్రలేని_నది
రౌండ్ బ్యూట్ ఆనకట్ట వెనక జలాశయంలో 270 అడుగులకు పైగా ఎత్తున కట్టారు, 2009లో పూర్తయింది. ముందు ఆనకట్ట అడుగు నుంచి చల్లటి నీళ్లు వదిలేవాళ్లు. టవర్ వచ్చాక పైనీళ్లూ అడుగు నీళ్లూ కలిపి వదులుతున్నారు. పైనీళ్లలో క్రూకెడ్ నది నుంచి వచ్చే నైట్రేట్లు ఎక్కువ. అవి దిగువకొస్తే పాచి పెరగదా? వసంతంలో నీళ్లు ముందే వెచ్చబడితే పురుగు ముందే లేస్తుంది. ఇంకా ఏం రుజువు కావాలి?

మద్రాసు_మూర్తి
సగం చెప్పి వదిలేస్తారు మీరు. ఆ టవర్ ఎందుకు కట్టారో కూడా చెప్పండి. 1964లో రౌండ్ బ్యూట్ కట్టాక పైనుంచి దిగే సాల్మన్, స్టీల్‌హెడ్ పిల్లలకి దారి తెలియలేదు. జలాశయంలో మూడు నదులు కలిసి నీళ్లు ఎటు పోతున్నాయో అర్థం కాక అక్కడే తిరిగేవి. పైపొరలో ప్రవాహం పుట్టించి వాటిని రప్పించి పట్టుకుని కిందకి దాటించడానికి కట్టారు. నీటి వేడి కూడా ఆనకట్టలకు ముందు ఎలా ఉండేదో అలా, వసంతంలో కాస్త వెచ్చగా, శరత్తులో చల్లగా ఉండేలా. అంటే మీరు తలుచుకుని బాధపడుతున్న పాత నది కూడా ఆనకట్ట చేసిన నదే.

నిద్రలేని_నది
దాటించినవాటిలో తిరిగి వచ్చినవి ఎన్ని?

మద్రాసు_మూర్తి
తక్కువే, ఒప్పుకుంటా. అయినా నలభై ఏళ్లు సున్నా ఉన్న చోట తక్కువ అంటే ఏంటో ఆలోచించండి.

నిద్రలేని_నది
సాయంత్రం క్యాడిస్ పురుగుల మేఘాలు ఉండేవి, లైటు వేస్తే కారు అద్దం కనపడేది కాదు. పిచ్చుకలు, గబ్బిలాలు... మీరు 2012లో వచ్చారు, మీకెలా తెలుస్తుంది.

ఆల్డర్_నీడ
నేను చూశాను అవి. పురుగు తగ్గిందన్నది నిజం. నల్లమచ్చల చేపలు, పాచి, అవీ చూశాను. కానీ దానికీ టవర్‌కీ మధ్య గీత గీసి ఇంతే అని నేను చెప్పలేను. ఈ గొడవ కోర్టు దాకా వెళ్లింది, ఈ చర్చా దారంలో తేలదు. వేరే దారం తెరవండి, అక్కడ నేనూ వస్తా.

బసాల్ట్_బావ
టవర్ దారం ఇది నాలుగోసారి. మూడోది 214 పోస్టుల తర్వాత అడ్మిన్ మూసేశారు.

కొత్తగాలం
మళ్లీ నా గోలకొస్తా. రమ గారూ, చెట్టు కింద అన్నారు. ఆ కొమ్మలు నీళ్లకి అడుగున్నర ఎత్తులో ఉన్నాయి. వెనక ముళ్ల పొదలు. రాడ్ ఎటు ఊపినా ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఎలా వేస్తారు అక్కడ?

రెడ్‌సైడ్_రమ
తల మీదుగా విసరడం మర్చిపోండి. ఆ నదిలో రెండు పద్ధతులు చాలు.

ఒకటి పక్కవాటు. రాడ్‌ని నీళ్లకి సమాంతరంగా పెట్టి, చదునైన రాయితో నీళ్ల మీద కప్పగంతులు వేయిస్తాం చూడండి, అలా మణికట్టు విసురు. లైన్ కొమ్మ కిందుగా దూరుతుంది.

రెండోది బాణం. ఫ్లైని కొక్కెం వంపు దగ్గర రెండు వేళ్లతో పట్టుకోండి (మొన తగలకుండా), రాడ్ చివర వంగేదాకా వెనక్కి లాగండి, కొమ్మ కింది సందుకి గురిచూసి వదిలెయ్యండి. పది పన్నెండు అడుగులు వెళ్తుంది, అంతకు మించి మీకు అవసరం లేదు. లీడర్ (లైన్ చివర కట్టే సన్నటి దారం) ఏడున్నర అడుగులు మించొద్దు. టిప్పెట్, అంటే ఫ్లై కట్టే కొస ముక్క, 3 ఎక్స్ మందం గానీ 4 ఎక్స్ గానీ. అంతకంటే సన్నది కట్టారంటే మొదటి పరుగులోనే తెగుతుంది.

దిగువ నుంచి ఎగువకి రండి. చేప ప్రవాహానికి ఎదురు ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి మీరు దాని వెనక నుంచి వస్తారు.

గట్టుమీద_గోపి
చివరి ముక్కకి ఒక సవరణ. గట్టు లోపలికి వంగిన చోట నీళ్లు వెనక్కి తిరుగుతాయి, నురుగు గుండ్రంగా తిరుగుతుంటుంది. అక్కడ ప్రవాహం తలకిందులు, చేప ముఖం దిగువ వైపుకి ఉంటుంది. వెనకనుంచి వస్తున్నాననుకుని మీరు సరిగ్గా దాని కళ్ల ముందుకి నడుస్తారు. నేను రెండేళ్లు అలా నడిచా. నురుగు ఎటు పోతోందో ముందు చూడండి. ఆ తిరిగే చోట్లలో చచ్చిన పురుగులన్నీ చేరతాయి, లావు చేప అక్కడే.

రెడ్‌సైడ్_రమ
అవును, నేను రాయడం మర్చిపోయా. గోపి చెప్పింది బంగారం.

వేడర్స్_వెంకట్
చేప ఎగిరి పట్టుకుంటుందా? వీడియోల్లో దబ్బున నీళ్లు చిమ్ముతుంది.

మద్రాసు_మూర్తి
చిన్నవి చిమ్ముతాయి. పెద్దది ముక్కు పైకి పెట్టి గుటుక్కుమంటుంది, అంతే. మరచెంబులో కుంకుడుకాయ పడిన చప్పుడు. ఫ్లై కనబడలేదంటే రాడ్ ఎత్తెయ్యి, ఆలోచించకు.

తూనీగ_88
పాముల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ కాలిబాటలో పోయిన ఏడు రెండు చూశా, తోక ఆడిస్తూ.

ఆల్డర్_నీడ
రాటిల్‌స్నేక్‌లు ఉంటాయి. చప్పుడు చేసినవాటితో గొడవ లేదు, ఆగి దారి ఇస్తే పోతాయి. రాళ్లు పట్టుకుని ఎక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడుతున్నావో చూడు. నాకు పాముకంటే పాయిజన్ ఐవీ ఎక్కువ నష్టం చేసింది. మోకాళ్ల మీద కూర్చోమని రమ చెప్పింది కదా, ఏ ఆకుల్లో కూర్చుంటున్నావో చూసి కూర్చో. మూడు మూడు ఆకులు, మెరుస్తుంటాయి.

బసాల్ట్_బావ
నేను చూడకుండా కూర్చున్నా ఒకసారి. వివరాలు అడక్కండి.

కొత్తగాలం
ఇంకొకటి. దిగువన ఇంకొకతను చేప పట్టి, గట్టు మీద గడ్డిలో పడుకోబెట్టి, పక్కన రాడ్ పెట్టి, ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాడు. రెండు నిమిషాలు పట్టిందనుకుంటా. తర్వాత నీళ్లలోకి తోశాడు. అది బతుకుతుందా?

రెడ్‌సైడ్_రమ
మే నెల చల్లటి నీళ్లలో బహుశా. అయినా అలా చెయ్యకూడదు. దానికి ఒంటి మీద జిగురే చర్మానికి కాపలా, ఎండిన గడ్డి దాన్ని తుడిచేస్తుంది. చెయ్యి తడుపుకుని, వలలోనే నీళ్లలో ఉంచి, ముల్లు లేని కొక్కెం తిప్పితే ఊడొస్తుంది. ఫొటో కావాలంటే మీ ఊపిరి బిగబట్టి ఎత్తండి. మీకు ఊపిరాడనప్పుడు దానికీ ఆడదు, దించెయ్యండి.

వేడర్స్_వెంకట్
మరీ ఎక్కువ చేస్తున్నారేమో అక్కా. కొక్కెం గుచ్చి లాగింది మనమే, ఫొటో దగ్గర జాలి ఎందుకు?

రెడ్‌సైడ్_రమ
గుచ్చింది మనమే కాబట్టే.

మద్రాసు_మూర్తి
జూలై ఆగస్టుల్లో థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. నీళ్లు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాయంటే నేను రాడ్ విప్పేస్తా. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, పోరాడి అలిసిన చేప ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి తర్వాత ఎక్కడో చస్తుంది. అధికారులు కూడా బాగా వేడెక్కిన ఏళ్లలో మధ్యాహ్నం రెండు దాటాక గాలం వేయొద్దని ఆపేస్తారు.

కొత్తగాలం
మేకుల బూట్లు, కర్ర కొన్నా. గోల్డెన్ స్టోన్‌లు ఆరు తీసుకున్నా. ఈ శనివారం మళ్లీ వెళ్తున్నా, ఈసారి ఆఫీసు స్నేహితుడు తోడు. వాడికి చేపలంటే ఆసక్తి లేదు, పుస్తకం చదువుకుంటానన్నాడు.

ఆల్డర్_నీడ
తోడు తోడే. ఫోన్ సిగ్నల్ ఉండదు అక్కడ, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

కొత్తగాలం
ఆదివారం రాత్రి. ఇప్పుడే ఇంటికొచ్చా, పడుకునే ముందు రాసేస్తా.

సాల్మన్‌ఫ్లైలు దాదాపు లేవు. ఖాళీ తొడుగులు మాత్రం గడ్డి నిండా ఉన్నాయి, రమ గారు చెప్పిన తెల్ల దారాలతో సహా. కిందటిసారి వాటిని చచ్చిన పురుగులనుకున్నా.

మొదటి రోజు పొద్దున నేను నీళ్లలోకి దిగనే లేదు, ఒట్టు. మొదట ఒకటి పడింది. వెండిలా మెరుస్తూ, నోరు చిన్నగా కిందకి తిరిగి ఉంది. ఎగిరి గంతేసి మా వాణ్ణి పిలిచా. పక్కనుంచి వెళ్తున్న ఆయన చూసి "వైట్‌ఫిష్" అని చిన్నగా నవ్వి వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగున్నరకి గాలి లేచింది. కాలిబాట మలుపులో ఒక ఆల్డర్, కొమ్మలు నీళ్లని ముట్టుకుంటున్నాయి. దాని కింద నురుగు గుండ్రంగా తిరుగుతోంది. గోపి గారి మాట గుర్తొచ్చి చూస్తే, నిజంగానే నీళ్లు వెనక్కి పోతున్నాయి. వెనక్కి తిరిగి చుట్టూ వెళ్లి ఎగువ నుంచి మోకాళ్ల మీద వచ్చా (ఆకులు చూసుకునే). బాణం పద్ధతిలో వేస్తే మొదటిది కొమ్మకి, రెండోది నా టోపీకి. మూడోది సందులోకి వెళ్లింది. ఫ్లై నురుగుతో పాటు నెమ్మదిగా తిరుగుతోంది, పచ్చటి నీళ్లు, గట్టుకి జానెడు దూరం. ఒక నల్లటి ముక్కు లేచింది. చప్పుడు మూర్తి గారు చెప్పినట్టే. ఫ్లై లేదు.

ఎత్తాను. రీలు అరిచింది, అది నేరుగా నది మధ్యకి వెళ్లి ఒక్కసారి గాల్లోకి లేచింది. ఆ ఎర్ర గీత మొత్తం చూశా, మొప్ప దగ్గర నుంచి తోక దాకా. లేచి దాని వెంట దిగువకి పరిగెత్తా, కర్ర ఎక్కడో పడేశా. లైన్ వదులైంది. చూస్తే ఫ్లై ఉంది, చేప లేదు. కొక్కెం మొన వంగి ఉంది.

తర్వాత పదకొండంగుళాలది ఒకటి చేతికి వచ్చింది. వలలోనే ఉంచి వదిలేశా. ఫొటో తీయలేదు, మా వాడు అప్పుడు నిద్రపోతున్నాడు.

రెడ్‌సైడ్_రమ
కొక్కెం వంచి మరీ పోయింది! అది పద్దెనిమిది పైనే ఉంటుంది. ఆ చెట్టు ఎక్కడ?

గట్టుమీద_గోపి
చెప్పకు.

మద్రాసు_మూర్తి
మలుపు, ఆల్డర్, తిరిగే నురుగు. నాకు తెలుసనుకుంటా. రేపు ఆఫీసయ్యాక అటు వెళ్లే పని ఉంది.

ఆల్డర్_నీడ
కర్ర ఎక్కడో పడేశా అన్నావు. దొరికిందా?

కొత్తగాలం
లేదు. మూర్తి గారూ, రేపు ఎలాగూ వెళ్తున్నారుగా, ఆ చెట్టుకి యాభై గజాల దిగువన చూడండి. నీలం పిడి.